మూర్తి గారు కంచాలు ఎందుకు లెక్కపెట్టారంటే

నిన్న పొద్దున పప్పుకి తాలింపు వేస్తుంటే ఫోన్ వచ్చింది.

"మూర్తి గారు పోయారు పెద్దమ్మా. ఆఫీసులో, కుర్చీలోనే."

ఏ మూర్తి అని అడిగాను. నాకు తెలిసిన మూర్తి ఒక్కరే. అయినా అడిగాను.

తాలింపు మాడిపోయింది. ముప్పై ఏళ్ళ వంటలో అలా మాడింది నిన్నే.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే పక్క గది నర్సు లావణ్య టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మార్చవద్దన్నాను.

నిన్నటి నుంచి మన మెస్ వాట్సాప్ గ్రూపులో మూర్తి గారి గురించి ఏవేవో రాస్తున్నారట. లావణ్య చదివి వినిపించింది. మంచి క్రికెట్ ఫ్యాన్ అని ఒకరు. పిసినారి, తిండి దగ్గర కూడా లెక్క చూసుకుని మెస్ మానేశాడని ఇంకొకరు.

రెండూ అబద్ధాలే.

క్రికెట్ కాదు. బేస్‌బాల్. అమెరికా వాళ్ళ ఆట. కర్రతో బంతిని కొట్టి, నాలుగు మూలలూ చుట్టి రావాలట.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మన మెస్‌లో అందరూ టీవీలో క్రికెట్ చూసి అరుస్తుంటే, ఈ కాకినాడ మనిషి గోడ వైపు తిరిగి కూర్చుని, ఫోన్‌లో అంకెలు చూసి నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఎప్పుడో వందేళ్ళ కిందట ఆడినవాళ్ళ అంకెలు.

"చచ్చిపోయినోళ్ళ స్కోరు మీకెందుకండీ? ఈ శుక్రవారం వచ్చి ఆడతారా ఏంటి?" అని ఎగతాళి చేసేదాన్ని.

"ఆడరండీ. కానీ వాళ్ళలో కొందరికి అన్యాయం జరిగిందండి మంగాయమ్మ గారూ. బంతిని దూరంగా కొట్టినోడికే చప్పట్లు. చెడ్డ బంతులు వదిలేసి, ఓపిగ్గా నిలబడి మొదటి మూలకి చేరినోణ్ణి ఎవరూ చూళ్ళేదు. లెక్క తీస్తే టీమ్‌ని గెలిపించింది వాడేనండి."

ఇంకోసారి సాంబారు పోస్తుంటే చెప్పారు. ఒక ఆటగాడి విలువ తెలియాలంటే వాణ్ణి పక్కన పెట్టి, బయట ఎక్కడైనా దొరికే మామూలు మనిషిని ఆ చోట నిలబెట్టాలట. అప్పుడు ఎన్ని ఆటలు ఎక్కువ ఓడిపోతామో, అదీ వాడి విలువ.

"చూశారా ఎంత నిర్దయో! నన్ను తీసేసి అలా చూడకండి బాబూ," అన్నాను.

ఆయన నవ్వారు. ఆ మనిషి నవ్వడం అరుదు.

రంజాన్ అయిపోయిన కొత్తల్లో నా మోకాలు వాచింది. వారం రోజులు మంచం దిగలేదు. ఓనర్ ఖాదర్ భాయ్ ఎవరో కుర్ర వంటవాణ్ణి పెట్టాడు. నేను లేచి వచ్చిన రోజే అన్నాడు:

"పెద్దమ్మా, వయసైపోయింది. ఈసారి వీసా కొట్టించను. ఖలాస్. ఊరికి పోయి రెస్ట్ తీసుకో."

ఊళ్ళో నాకెవరున్నారు? నాకున్నది ఈ పొయ్యి ఒక్కటే.

వీసా ఉన్నన్నాళ్ళూ వండమన్నాడు. నేను మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చిన రెండో రోజు చూశాను. ఎంగిలి కంచాలు పడేసే తొట్టి పక్కన మూర్తి గారు నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డారు. కంచం పడినప్పుడల్లా తొంగి చూసి ఒక గీత గీస్తున్నారు. ఎవరు ఎంత వదిలేశారో రాస్తున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏవయ్యా! నా వంటలో వంకలు లెక్కపెట్టి ఓనర్‌కి మోస్తున్నావా? నా చేతి అన్నం తింటూనే నా పొట్ట కొడతావా?"

మెస్ నిండా జనం. టీవీ కూడా ఎవరో ఆపేశారు. ఇంకా ఏమేం అన్నానో ఇక్కడ చెప్పలేను.

ఆయన నోట్‌బుక్ మూసి, తన కంచంలో సగం అన్నం అలాగే వదిలి వెళ్ళిపోయారు. మళ్ళీ మెస్ గడప తొక్కలేదు.

మానేసింది అందుకు. పిసినారితనం వల్ల కాదు.

నెల తర్వాత ఖాదర్ భాయ్ నా వీసా కాగితాలు తెచ్చి ముందు పెట్టాడు. ఎందుకు మనసు మారింది అన్నాను.

"మూర్తి సాబ్ కాగితం చూపించినాడు పెద్దమ్మా. నువ్వు లేని వారం ఎన్ని కంచాల్లో కూడు మిగిలింది, నువ్వొచ్చినాక ఎన్నింట్లో మిగిలింది, అంతా గీతలు గీసుకొచ్చినాడు. ఈమెను పంపితే ఆర్నెల్లలో నీ మెస్ ఖాళీ అన్నాడు. ఏం జెప్పాలబ్బా నేను?"

నేను మంచంలో ఉన్న వారమంతా ఆయన లెక్క రాశారట. పక్కన పెట్టి చూడడానికి నేను వండిన వారం కూడా కావాలి కదా. నేను పట్టుకున్నది ఆ రెండో లెక్కని.

ఇది తెలిశాక నేనేం చేశానో అది కూడా రాయి లావణ్యా.

ఏమీ చేయలేదు.

ఆయనే వస్తారులే అనుకున్నాను. సాయంత్రాలు కిటికీలోంచి చూసేదాన్ని. కెఫెటీరియా పరోటా పొట్లం పట్టుకుని, తల దించుకుని పోయేవారు. ఒకసారి గోంగూర పచ్చడి డబ్బాలో పెట్టుకుని ఆయన రూమ్ దాకా మెట్లెక్కాను. చెప్పులు బయటే ఉన్నాయి. లోపల ఉన్నారు.

బెల్ కొట్టలేదు. నా నోటికి తిట్టడం వచ్చినంత సులువుగా ఇంకోటి రాదు.

వెనక్కి వచ్చి ఆ పచ్చడి నేనే తిన్నాను. ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి. ఒకే బిల్డింగ్. మధ్యలో ఇరవై మెట్లు.

ఈ రోజు వంట చేశాను. అందరూ తిన్నారు. ఉప్పు ఎక్కువైందని ఒక్కరు కూడా చెప్పలేదు. గోడ వైపు కుర్చీలో ఎవరో కొత్త మనిషి కూర్చుని ఫోన్ చూసి నవ్వుకుంటున్నాడు. లెమ్మని అనబోయి ఊరుకున్నాను. అతని తప్పేముంది?

పిసినారి అని రాసిన వాళ్ళు ఆ మాట చెరిపేయండి. కాకినాడలో ఉన్న ఆయన చెల్లెలు ఇదంతా చదువుతుంది. ఆవిడకి నిజం తెలియాలి.

మూర్తి గారూ, నేను మిమ్మల్ని అన్నది పదిమందిలో. అందుకే క్షమించమని కూడా పదిమందిలోనే అడుగుతున్నాను.

వెళ్ళండి బాబూ. ఎవరూ కసురుకోని చోట కడుపు నిండా తిని, నెమ్మదిగా ఉండండి.

– మంగాయమ్మ