మా గదిలో క్రిమినల్ ప్రొసీజర్

లా కాలేజీలో అన్ని పేపర్లూ గట్టెక్కాను, ఒక్క క్రిమినల్ ప్రొసీజర్ తప్ప. అది నా ప్రాణం తీసింది. మనిషిని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏం చెప్పాలి, చెప్పాక ఎవరి ముందు నిలబెట్టాలి, అన్నిటికీ ఒక వరస. వరస తప్పితే మార్కులు లేవు. సెలవులో వెళ్లి ఆ పేపరు మళ్లీ రాద్దామని, లావుపాటి పుస్తకాన్ని బహ్రెయిన్ తెచ్చుకున్నాను. తొంభైల నాటి మాట. మీనా సల్మాన్ రేవులో గోడౌన్ గుమస్తా పని.

కంపెనీ క్యాంపులో మా గదంతా తెలుగువాళ్లమే. వంట వంతులవారీగా చేసుకునేవాళ్లం. చదువుకుంటున్నానని నా వంతు తీసేశారు. ఎంత మంచివాళ్లో అనుకున్నాను. దానికి బదులు గదిలో తగాదాలన్నీ నేనే తీర్చాలట! చేప ముక్క ఎవరు తిన్నారు, బకెట్ ఎవరు వాడారు... శుక్రవారం సెలవు వస్తే పుస్తకం తెరవనిస్తే ఒట్టు. హాయిగా వంట చేసుకున్నా పోయేది.

ఒక శుక్రవారం పొద్దున అసలైన కేసే వచ్చింది. కాకినాడ వెల్డరు క్యాసెట్ పోయింది. అందులో ఇంటి నుంచి భార్య, చిన్న కూతురు మాట్లాడి పంపిన మాటలున్నాయి. అది జగిత్యాల నుంచి వచ్చిన కూలీ దిండు కింద దొరికింది. దొంగతనమని తేలితే అతన్ని గదిలోంచి వెళ్లగొడతారు. ఫోర్‌మన్ చెవిన పడితే ఉద్యోగమూ పోతుంది.

"ఇంక అడుగుడేంది సారూ? దిండు కిందనే దొరికె. ఖలాస్!" అన్నాడు గదిలో అందరికన్నా పెద్దాయన, నిజామాబాద్ మేస్త్రీ.

నాకు ఒళ్లు మండింది. "అడక్కుండా తీర్పేంటండీ? ఆగండి" అని, పుస్తకంలో ఉన్నట్టే కూలీ వైపు తిరిగాను. "చూడు, నువ్వు తప్పు ఒప్పుకోవాలని నిర్బంధమేం లేదు. ఒప్పుకుంటే అది నీకే చుట్టుకోవచ్చు."

అందరూ గొల్లున నవ్వారు. "ఒప్పుకోకని దొంగకు నేర్పే జడ్జి యాడుంటడు సారూ? గందుకే నువ్వు పరీక్ష తప్పినవ్!" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట నిజంగానే గుచ్చుకుంది. వీళ్లకి చెప్పేకన్నా గోడౌన్‌లో సిమెంటు బస్తాలకి చెప్పడం నయం. పళ్లు కొరుక్కుంటూ ఆ హెచ్చరికే మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కూలీయే అడ్డుపడ్డాడు.

"జర ఆగు సారూ, నన్ను చెప్పనియ్యి. నేనే తీసిన. నేనీడికి వచ్చినంక నా బిడ్డ పుట్టింది. దానికింక మాటలు రాలే. అండ్ల చిన్నపాప మాట్లాడుతదంటే, ఎట్లుంటదో అని విన్న. మల్ల పెడ్దామనుకున్న. ఇయ్యబుద్ధి కాలే."

వెల్డరు కేసు వదిలేసేలా కనిపించాడు. ఫిర్యాది కేసు వదులుకోవాలన్నా ఒక వరస ఉంది. ఆ సెక్షన్ కోసం నేను గబగబా పేజీలు తిప్పుతున్నాను. వినేదెవరు? వెల్డరు లేచి క్యాసెట్ టేప్‌రికార్డర్‌లో పెట్టి, సౌండు పెంచి, కూలీ మంచం మీద అతని పక్కనే కూర్చున్నాడు.

"నాన్నా, అన్నం తిన్నావా?" అని అడిగింది పాప.

వెల్డరు కూలీ వైపే చూస్తున్నాడు.

"తిన్న బిడ్డా" అన్నాడు కూలీ.