మూడు ఆటల పరీక్ష

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. క్యారమ్ బోర్డు కానివ్వండి, మేకుల మధ్య గోలీ దొర్లించే బల్ల కానివ్వండి, ఏ ఆటవస్తువు తయారైనా దాన్ని చేసినవాడు మేస్త్రి గారికి ఎదురుగా గోనెపట్టా మీద కూర్చుని మూడు ఆటలు ఆడాలి. మూడూ అయ్యాక ఆయన లేచి, లుంగీకి అంటిన రంపపుపొట్టు దులుపుకుని "పంపండి" అనాలి. అనకపోతే ఆ వస్తువు గడప దాటదు. చుట్టుపక్కల తిరునాళ్ళలో ఆటల దుకాణాలు పెట్టేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. "మేస్త్రి గారు ఆడిందేనా?" అని అడిగి మరీ పట్టుకెళ్ళేవాళ్ళు.

నేను ఆ షెడ్డులో చేరింది డెబ్భైల మధ్యలో. మా నాన్న మిషన్ బడిలో పంతులు. నన్నూ పంతుల్ని చేయాలని ఆయన ఆశ. నాకు చదువు ఒంటబట్టలేదు, బెజవాడలో రేడియో రిపేరు మాత్రం ఒంటబట్టింది. తిరువూరు తిరిగొచ్చి మేస్త్రి గారి దగ్గర చేరి, ఆయన చెక్క ఆటలకి టార్చి బల్బులు, కాలింగ్ బెల్లులు బిగించడం మొదలుపెట్టాను. గోలీ గుంటలో పడితే గంట మోగేది. జనం ఎగబడ్డారు. దాంతో నాకు కొంచెం తలపొగరు వచ్చింది, ఒప్పుకుంటాను. ఏ ఆట చేయాలో, ఎలా చేయాలో నేనే చెప్పే రోజు ఒకటి రావాలని లోలోపల ఉడికిపోయేవాణ్ణి. మేస్త్రి గారేమో ఏది చెప్పినా "చూద్దాం అబ్బాయ్" అనేవారు. ఆ చూద్దాంలు వినీ వినీ నాకు ఒళ్ళు మండేది.

అలాంటి మనిషికి చూపు పోయింది. నీటికాసులన్నారు. బెజవాడ డాక్టరు ఇక రాదని చెప్పేశాడు. ఆయన ఇంటికొచ్చి, మూడో రోజు షెడ్డు తాళాలు తమ్ముడి చేతిలో పెట్టారు.

తమ్ముడు అప్పటిదాకా లారీల బుకింగ్ ఆఫీసులో పనిచేసిన మనిషి. వచ్చీ రాగానే షెడ్డులో ఒక బల్ల, కుర్చీ వేయించుకున్నాడు. తనని మేనేజరు గారూ అని పిలవమన్నాడు. నలుగురు వడ్రంగులు ముఖాలు చూసుకున్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలా తెల్లవారకముందే వచ్చి కూర్చునేవాడు, ఎవరు ఎన్నింటికి వచ్చారో చూసేవాడు. కానీ మనిషి తెలివితక్కువవాడు కాదు. ఆ మాట చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది.

ఒకసారి హైదరాబాదు వెళ్ళొచ్చాడు. అక్కడెవరో వ్యాపారి ఇంట్లో, విదేశం నుంచి తెచ్చిన ఒక పెట్టెని టీవీకి తగిలించి ఆడుతుంటే చూశాడట. నల్లటి తెర మీద అటొక తెల్ల గీత, ఇటొక తెల్ల గీత, మధ్యలో ఒక చుక్క. ఆ చుక్కే బంతి. గీతని కదిపి దాన్ని ఎదుటివాడి వైపు కొట్టాలి.

"ఇక చెక్కల కాలం అయిపోయింది. అటువంటిది నువ్వు చెయ్యగలవా?" అన్నాడు నాతో.

మా ఊళ్ళో ఒక్క టీవీ లేదు. అయినా నేను రాత్రింబవళ్ళు అదే ధ్యాసలో పడ్డాను. టీవీ లేకపోతేనేం, వెలుగు కదిలితే చాలు కదా! ఒక చెక్కపెట్టె మీద వరసగా ఏడు టార్చి బల్బులు పెట్టాను. పెట్టె లోపల ఏడు ఇత్తడి ముక్కలు. కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను మోటారుకి ఒక ఇత్తడి చెయ్యి బిగించి, అది ఆ ముక్కల మీదుగా అటూ ఇటూ పోయేలా చేశాను. అది ఏ ముక్కని తాకితే ఆ బల్బు వెలుగుతుంది. పైనుంచి చూస్తే ఒక వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకి పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. అటొకరు, ఇటొకరు కూర్చోవాలి. వెలుగు తన కొసకి వచ్చిన క్షణంలో బెల్లు స్విచ్చి నొక్కితే గంట మోగుతుంది. ముందు నొక్కినా, వెనక నొక్కినా మోగదు. గంట తప్పినవాడు ఓడినట్టు. దానికి కరెంటు బంతి అని పేరు పెట్టాను. మొదటిసారి వెలుగు అటు నుంచి ఇటు పరుగెత్తినప్పుడు వడ్రంగులు పనిముట్లు కింద పడేసి వచ్చి చూశారు. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

మేనేజరు గారు పావుగంట ఆడి, కుర్చీలో వెనక్కి వాలి, "బాగుంది. కానీ ఆడించే దుకాణంవాడు ఓడిపోతాడే?" అన్నాడు.

"ఒక్కోసారి వాడు, ఒక్కోసారి వచ్చినవాడు. ఆటంటే అదే కదండీ."

"ఆట మనకి. వాడికి వ్యాపారం. నెమలి ఊరి తిరునాళ్ళ కాంట్రాక్టరుతో మాట్లాడాను. దుకాణంవాడి చేతిలో ఒక కిటుకు ఉంటేనే తీసుకుంటానన్నాడు."

కిటుకేమిటో మేనేజరు గారే చెప్పాడు. బల్ల కింద, మోకాలికి తగిలేచోట ఒక మీట. దాన్ని నొక్కితే ఎదుటివాడి కొసన ఉన్న ఇత్తడి ముక్క వడ్లగింజంత కిందికి దిగాలి. బల్బుని వేరే తీగతో వెలిగించాలి. చూసేవాడికి వెలుగు వచ్చినట్టే ఉంటుంది, స్విచ్చి నొక్కినా గంట మాత్రం మోగదు.

నాకు ముఖాన కొట్టినట్టయింది. "మేస్త్రి గారు ఒప్పుకోరండి" అన్నాను.

"మా భాయ్‌కి చెప్పేదెవరు? మూడు ఆటలూ ఆడిద్దాం. మూడో ఆటలో నేను దగ్గుతాను, నువ్వు నొక్కు. పుట్టినప్పట్నుంచీ ఆటలు చేసినవాడే కనిపెట్టలేకపోతే తిరునాళ్ళలో ఎవడు కనిపెడతాడు? ఆయన 'పంపండి' అంటే రేపట్నుంచి ఈ షెడ్డులో ఆటలన్నిటికీ నువ్వే మేస్త్రివి. ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో నీ ఇష్టం. ఇది గడప దాటలేదనుకో, షెడ్డుని లారీ బాడీలు కట్టేవాళ్ళకిచ్చేస్తా. ఆటలు బంద్."

వడ్రంగులు వింటూనే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన నా దగ్గరికొచ్చి, "మాకు లారీ పని రాదు బాబూ" అని మాత్రం అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అనుంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. రెండు రోజులు మీట పెట్టనని భీష్మించుకున్నాను. మూడో రోజు పెట్టాను. పెట్టేటప్పుడు నాలో నేను అనుకున్న మాట చెబుతాను, సిగ్గుచేటైనా సరే. మేస్త్రి గారికి చూపు లేదు కదా, ఆయనకి తెలియదు, బాధ ఉండదు అనుకున్నాను.

పరీక్షనాడు పొద్దున్నే ఆయన్ని నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఉతికిన లుంగీ, తెల్లచొక్కా. చాలా రోజుల తర్వాత షెడ్డుకి వస్తున్నందుకు ముఖంలో ఉత్సాహం. గోనెపట్టా మీద కూర్చుని పెట్టె నాలుగు మూలలూ తడిమారు. అంచులు నునుపుగా ఉన్నాయో లేదో బొటనవేలితో చూశారు. బల్బులు ఒక్కొక్కటీ ముట్టుకుని లెక్కపెట్టుకున్నారు.

"వెలుగు నాకెట్టా తెలుస్తుంది అబ్బాయ్? సరేలే, కీ ఇవ్వు, చూద్దాం."

కీ ఇచ్చాను. మోటారు తిరిగింది. ఇత్తడి చెయ్యి ముక్కల మీదుగా పోతూ టిక్ టిక్‌మంటోంది. ఆయన తల ఒక పక్కకి వంచారు. మేనేజరు గారు కుర్చీ వదిలి నా వెనక నిలబడ్డాడు. వడ్రంగుల రంపాలు ఆగిపోయాయి.

మొదటి ఆటలో మేస్త్రి గారు తొందరపడి ముందే నొక్కారు. గంట మోగలేదు. "ఓహో, అదా సంగతి" అని నవ్వారు. రెండో ఆటలో ఆయన గంట నాలుగైదుసార్లు వరసగా మోగింది. నా వేలు ఒకసారి వెనకపడింది. నేనే ఓడిపోయాను. వడ్రంగులు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఆయన ఆనందం చూస్తుంటే, ఇక్కడితో ఆపేసి మీట సంగతి చెప్పేద్దామని నిజంగా నోటిదాకా వచ్చింది.

మూడో ఆట మొదలైంది. గంట అటు మోగుతోంది, ఇటు మోగుతోంది. మేనేజరు గారు దగ్గాడు. నేను నొక్కలేదు. వెలుగు అటు పోయి వచ్చింది. మళ్ళీ దగ్గాడు, ఈసారి కాస్త గట్టిగా. లారీ పని రాదన్న వడ్రంగి నా వంక చూస్తున్నాడు. నేను మోకాలు లేపాను.

మేస్త్రి గారు స్విచ్చి నొక్కారు. గంట మోగలేదు. ఆయన వేలు స్విచ్చి మీదే ఉండిపోయింది. మోటారు తిరుగుతూనే ఉంది. నేను మోకాలు దించేశాను గానీ, ఆయన ఇక ఆడలేదు, వింటూ కూర్చున్నారు. అటు ఏడు, ఇటు ఏడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను పాడు మోకాలిని చేత్తో కప్పుకున్నాను, చూపులేని మనిషి ముందు!

చివరికి ఆయన లేచి, లుంగీ దులుపుకున్నారు.

"పంపండి" అన్నారు.

షెడ్డంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. మేనేజరు గారు నా వీపు తట్టాడు. వడ్రంగుల్లో ఒకడు టీలకి పరుగెత్తాడు. నేను మేస్త్రి గారి చెయ్యి పట్టుకుని ఇంటికి బయల్దేరాను. ఎండ చురుక్కుమంటోంది. మసీదు సందు మలుపు దగ్గరికొచ్చాం.

"మూడో ఆటలో ఏడో ముక్క పలకలేదు" అన్నారు అప్పుడు.

కళ్ళని మోసం చేయడానికి వేరే తీగ లాగిన ఘనుణ్ణి, చప్పుడు సంగతే మరిచిపోయాను. మేకు చెక్కలోకి సరిగ్గా దిగుతోందో లేదో సుత్తి దెబ్బ విని చెప్పే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మరిచిపోయాను.

"మరి పంపమన్నారేంటండీ?" అన్నాను.

"పంపొద్దంటే షెడ్డు పోద్ది. మా తమ్ముడి సంగతి నాకు తెలవదా? ఆ నలుగురూ ఎక్కడికి పోతారు? నువ్వెక్కడికి పోతావు?" ఆయన నా చెయ్యి వదిలి గోడ పట్టుకున్నారు. "నాకు తెలీదనుకుని నువ్వు నొక్కావు. తెలిసి కూడా నేను పంపమన్నాను. ఇద్దర్లో ఎవరిది ఎక్కువ తప్పో నువ్వే చెప్పు అబ్బాయ్."

నేను చెప్పేదాకా ఆయన ఆగలేదు. గోడ తడుముకుంటూ ఒక్కరే ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన షెడ్డులో అడుగుపెట్టలేదు. మూడు ఆటల పద్ధతి కూడా దానంతటదే పోయింది. ఆడేవాళ్ళెవరు కనుక?

నేను మేస్త్రినయ్యాను. అడిగినన్ని బల్బులు, అడిగినంత ఇత్తడి తెప్పించారు. ఏ ఆట చేయాలో నేనే చెప్పాను, నలుగురూ విన్నారు. మేనేజరు గారు మాట తప్పలేదు.

ఆ ఏడు నెమలి తిరునాళ్ళకి కరెంటు బంతి పెట్టెతో నేనూ వెళ్ళాను, మోటారు మొరాయిస్తే బాగుచేయడానికి. దుకాణం ముందు జనం కిక్కిరిసిపోయారు. దుకాణంవాడు ఒకవైపు, వచ్చినవాళ్ళు ఒకవైపు. గెలిస్తే సత్తు గిన్నె. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. వాడి మోకాలు ఎప్పుడు లేస్తోందో నాకు తెలుస్తూనే ఉంది.

సాయంత్రం ఒకామె వచ్చింది. ఎ.కొండూరు వైపు నుంచి నడిచొచ్చిన కూలీమనిషి, కాళ్ళకి ఇంకా దుమ్ముంది. ఆడకముందే చాలాసేపు నిలబడి చూసింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. కూర్చున్నాక ఒక్కసారి కూడా తప్పకుండా గంట మోగించింది. జనం ఆమె పక్షాన కేకలేశారు. అప్పుడు దుకాణంవాడి మోకాలు లేచింది. ఆమె సరిగ్గా వెలుగు వచ్చినప్పుడే నొక్కింది. గంట మోగలేదు. మళ్ళీ ఆడింది, మళ్ళీ అంతే.

"నీకు చేతకాదు, లే" అని మొగుడు విసుక్కున్నాడు.

ఆమె లేవలేదు. తన వేలి వంక చూసుకుని, నా వైపు తిరిగింది.

"ఈ పెట్టె మీరే చేశారంటగా అండి. నేనే ఆలిస్యంగా నొక్కుతున్నానా?"

దుకాణంవాడు నా వంక చూశాడు. జనం చూశారు.

"అవునమ్మా, ఇంకాస్త ముందు నొక్కాలి" అన్నాను.

ఆమె బుద్ధిగా తలూపి, మళ్ళీ ఆడి, ఈసారి ముందు నొక్కింది.