పాసిర్ రిస్ దాకా ఇంకాల రాజ్యం

నిన్న సాయంత్రం రైల్లో నా పక్కన నిలబడ్డ ఒకావిడ జడలోంచి మల్లెపూల వాసన వచ్చింది. ఆ ఏసీ చలిలో వాసన మరీ చిక్కగా తగిలింది. మాల చివర దారం కొస ఒకటి వేలాడుతోంది. దాన్ని చూస్తుండగానే బెడోక్ స్టేషన్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను దిగలేదు. పాతికేళ్ళుగా దిగుతున్న స్టేషన్ అది! తరవాతి స్టేషన్లో దిగి వెనక్కి వస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. సుభద్రగారు చూసి ఉంటే, "మళ్ళా తప్పిపోయినావా అప్పా?" అని ఆట పట్టించేవారు.

సుభద్రగారు సింగపూర్‌లో నా మొదటి టీమ్ లీడర్. కర్నూలు మనిషి. ఊళ్ళో ఆరేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి, అందరూ కంప్యూటర్ల వెంట పడుతున్న రోజుల్లో తనూ ఒక కోర్సు చేసి, భర్తతోపాటు ఇక్కడికి వచ్చేశారు. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోయి కుప్పకూలుతాయని అందరూ హడలిపోతున్న కాలం అది. ఆ భయమే మాకు అన్నం పెట్టింది. ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పాత ప్రోగ్రాములు బాగుచేయడం మా పని. సాయంత్రం ఇద్దరం ఒకే రైలెక్కేవాళ్ళం. నేను బెడోక్‌లో దిగేవాణ్ణి, ఆవిడ చివరి స్టేషన్ పాసిర్ రిస్ దాకా వెళ్ళేవారు. నిలబడే చోటు దొరికితే చాలు, ఆవిడలోని చరిత్ర టీచరు బయటికొచ్చేది.

అలా రోజుకో ముక్క చొప్పున ఇంకాల కథ మొదలైంది. ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో, కుస్కో అనే ఊరి చుట్టూ ఉన్న చిన్న తెగ, చూస్తుండగానే పెద్ద సామ్రాజ్యమైందట. వాళ్ళకు బండిచక్రం లేదు, గుర్రం లేదు, రాసుకోవడానికి అక్షరం లేదు. అయినా కొండల మీద వేల మైళ్ళ బాటలు వేశారు. సున్నం లేకుండా రాతి మీద రాయి పేర్చి, మధ్యలో కత్తి దూరకుండా గోడలు కట్టారు. "మరి లెక్కలు ఎలా పెట్టేవారండీ?" అని అడిగాను. ఆవిడ జడలోంచి వాడిన మాల తీసి, పూలు దులిపి, ఆ దారానికి టకటకా ముడులు వేశారు. "పైన వేలు, దాని కింద వందలు, ఆపైన పదులు, అడుగున ఒకట్లు. ముడి లేకుంటే సున్న. ఇదే వాళ్ళ పుస్తకమప్పా!" అని నా చేతిలో పెట్టారు. పక్కన కూర్చున్న చైనా ముసలాయన కూడా మెడ చాచి చూశాడు. వార్తలు మోసే పరుగుగాళ్ళ సంగతి నాకు మరీ నచ్చింది. ఒక్కొక్కడు కొంత దూరమే పరిగెత్తేవాడట. అవతలి గుడిసెలో ఉన్నవాడు శంఖం విని లేచి, వచ్చేవాడి పక్కనే కాసేపు పరిగెడుతూ వార్త వంటబట్టించుకుని, ఆపైన తాను అందుకునేవాడట.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. నా కాంట్రాక్టు ఎక్కడ పొడిగించరోనని అప్పట్లో నాకు ఒకటే బెంగ. నా ప్రోగ్రామ్ నాకు తప్ప ఎవరికీ అర్థం కాకపోతే నన్ను పంపలేరు కదా అని ఒక తెలివి పుట్టింది. ప్రోగ్రామ్‌లో ప్రతి అంశానికీ ఒక పేరు పెట్టాలి. బుద్ధున్నవాళ్ళు అర్థమయ్యే పేర్లు పెడతారు. నేను మా చుట్టాల పేర్లు పెట్టాను. పాలసీదారు పుట్టిన తేదీ తాతయ్య. పాలసీ మొదలయ్యే తేదీ చిట్టిమామ, ముగిసే తేదీ పెద్దత్త. ఏది ఏమిటో ఒక్క వాక్యమైనా వివరణ రాయలేదు. తునిలో మా పెళ్ళికి వచ్చినవాళ్ళంతా ఆ ఆఫీసు కంప్యూటర్లో కొలువై ఉన్నారు.

ఒకరోజు రైల్లో కథ పతనం దాకా వచ్చింది. ముందు తెలియని రోగమేదో వచ్చి జనాన్ని ఊడ్చేసింది, ఆపైన అన్నదమ్ములు సింహాసనం కోసం కొట్టుకున్నారు. ఆ పోరులో గెలిచిన రాజు దగ్గరికి సముద్రం దాటి రెండువందల మంది కూడా లేని స్పెయిన్ వాళ్ళు వచ్చారు. వేల సైన్యం చుట్టూ ఉండగానే రాజును పట్టుకున్నారు. "మరి సైన్యం ఏం చేసిందండీ?" అన్నాను. ఆవిడ నవ్వి, "ఏం చేస్తాది? రాజు మాట లేంది కదిలే అలవాటే లేకపాయ. గదినిండా బంగారం ఇచ్చినా వాళ్ళు ఆయన్ను వదల్లేదు, చంపేసినారు. అన్నీ ఒక్కడి చేతిలో పెట్టుకుంటే అంతే. ఒక్కణ్ణి పట్టుకుంటే సాలు, రాజ్యం మొత్తం దొరికిపోతాది" అన్నారు. తల తిప్పి చూస్తే పాసిర్ రిస్. రాజు మీద జాలితో మూడు నాలుగు స్టేషన్లు దాటిపోయాను. అది నా కథ కూడా అని మాత్రం తట్టలేదు.

నెల తిరక్కుండానే తట్టింది. నా భార్య రజని పురిటికని తునిలో పుట్టింట్లో ఉంది. మొదటిసారి కడుపు నిలవలేదు. ఆ దుఃఖంలో తనొక్కతే మంచం మీద పడుకుని ఉంటే నేను ఇక్కడ డ్యూటీలో ఉన్నాను. ఈసారి పక్కనే ఉంటానని మాటిచ్చాను. కాన్పుకి మూడు వారాలుందనగా సెలవడిగితే, ఇన్సూరెన్సు ఆఫీసు మేనేజరు లిమ్, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా, తల అడ్డంగా ఊపాడు. "క్యాన్నాట్ లా, ప్రసాద్! నువ్వు పోతే ఈ ప్రోగ్రామ్ ఎవరికి తెలుసు?" ఎవరికీ తెలియకుండా చేసింది నేనే. నా గొయ్యి నేనే ఎంత శ్రద్ధగా తవ్వుకున్నానో అప్పుడు తెలిసింది. సుభద్రగారి దగ్గరికి వెళ్ళి చుట్టాల సంగతంతా చెప్పేశాను. ఏడుపు ఆగలేదు.

తిడతారనుకున్నాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు. "రాజుగారిని పట్టేసినారు! లే, మనకు పరుగుగాళ్ళు ఉండారు కదా" అని టీములో మిగతా ఇద్దరినీ, సెల్వాన్నీ వెయ్ లింగ్‌నీ పిలిచారు. ప్రోగ్రామ్‌ను మూడు ముక్కలు చేసి, ఒకటి తనే తీసుకున్నారు. నేను పని చేస్తుంటే ఒక్కొక్కరూ నా పక్కనే కూర్చుని చేయాలి, తరవాత వాళ్ళు చేస్తుంటే నేను చేతులు కట్టుకు చూడాలి. వారంలో మా వంశవృక్షం అందరికీ కంఠతా వచ్చేసింది. "పెద్దత్త ఎప్పుడూ చిట్టిమామ తరవాతే రావాలి, కరెక్టా?" అని వెయ్ లింగ్ అడిగింది. "ఇక్కడ అంతే, మా ఇంట్లో మాత్రం ముందు ఆవిడే" అన్నాను. ఆఫీసంతా ఘొల్లుమంది.

చివరి పరీక్షగా ఒక రోజంతా నన్ను ఆఫీసులోకి రానివ్వలేదు. నా పేజర్ లాక్కుని, కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో కూర్చోమన్నారు. నాలుగు కాఫీలు తాగాను. ప్రతి నిమిషం ఎవరో పరిగెత్తుకొస్తారని మెట్ల వైపే చూశాను. ఎవరూ రాలేదు. సాయంత్రం సుభద్రగారు దిగి వచ్చి, "అంతా నడిచిందప్పా, లిమ్ ఒప్పుకున్నాడు" అన్నారు. సంతోషించాల్సింది పోయి నాకు కళ్ళు చెమర్చాయి. నేను లేకపోయినా ఏమీ ఆగలేదే అని చిన్నబోయాను. "మొగం అట్ల పెడ్తావేం? నువ్వు లేకున్నా నడుస్తాది కాబట్టే నువ్వు పోగలుగుతాండావు. పో, ఆ పిల్ల కాసుకోని ఉంటాది" అన్నారు.

నేను తుని చేరిన నాలుగో రోజున పాప పుట్టింది. కాన్పు గదిలోకి తీసుకెళ్ళే ముందు రజని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి సుభద్రగారికే ముందు చెప్పాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "బరువెంతప్పా?" సింగపూర్ తిరిగి వచ్చేసరికి ఆఫీసులో నా టేబుల్ మీద ఒక పూలదారం ఉంది. పైన రెండు ముడులు, కాస్త కింద ఎనిమిది, ఆ కింద పదుల చోటూ ఒకట్ల చోటూ ఖాళీ. రెండువేల ఎనిమిది వందల గ్రాములు. దారానికింకా మల్లెల వాసన ఉంది.

కాంట్రాక్టు పోలేదు. పోతుందని భయపడటం మాత్రం పోయింది. సుభద్రగారు తరవాత కర్నూలు తిరిగి వెళ్ళి, మళ్ళీ పిల్లలకు చరిత్ర చెప్పుకుంటూ హాయిగా ఉన్నారు. నా దగ్గర కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ నేను మొదటిరోజే నా పనిలో సగం నేర్పేస్తాను. వాళ్ళు అనుమానంగా చూస్తారు. చూడనీ.

నిన్న రాత్రి భోజనాల దగ్గర, స్టేషన్ దాటిపోయిన సంగతి చెబుతూ పర్సులోంచి దారం తీశాను. నల్లబడి, పీచుపీచుగా ఉంది. "నాన్నా, సో డర్టీ లా! పారెయ్యొచ్చుగా. అసలు ఏముంది దాన్లో?" అంది మా అమ్మాయి. పైన రెండు ముడులూ, కింద ఎనిమిదీ ఒక్కొక్కటే దాని వేలికి తగిలించి చూపించాను.

"ఇది నీ బరువమ్మా. నువ్వు పుట్టిన రోజు నేను అక్కడ ఉన్నాను."