డబ్బా మోత, చెవి మోత

ఆ రోజుల్లో నిశ్శబ్దమంటే ఎక్కడపడితే అక్కడ ఊరికే దొరికే సరుకనుకునేవాణ్ణి. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా పని వినడం. మూత బిగించిన డబ్బాను చిన్న ఇనప కడ్డీతో తట్టాలి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో గాలి దూరినట్టు, పక్కన పెట్టాలి. (చెవులతో కూడు సంపాదించినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. మా తాత ఏనుగును భుజాన మోసి సంపాదించాడు. ఇలాంటివి చెప్పబట్టే ఫ్యాక్టరీలో నాకు కోతలోడని పేరొచ్చింది.)

మూడో మామిడి కాలంలో నా చెవుల్లోకి కీచురాయి ఒకటి కాపురానికొచ్చింది. యంత్రాలు ఆగినా అది ఆగదు. పైగా ప్రతి చప్పుడూ సూదిలా దిగేది. చెల్లెలు గిన్నె కింద పెడితే కేక పెట్టేవాణ్ణి. డబ్బా తడితే తలలో మేకు దిగినట్టే. పని మానేద్దామంటే నాయన మంచాన ఉన్నాడు, ఇల్లు నా చెవుల మీదే నడుస్తోంది. అందుకని చెవుల్లో దూది కుక్కి, తలగుడ్డ చుట్టి, కడ్డీని డబ్బాకు తగిలీ తగలనట్టు ఆడిస్తూ, కళ్లు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టాను.

“తట్టకుండానే ఎట్ల తెలుస్తాదప్పా?” అన్నాడు మీసాల మేస్త్రి.

“డబ్బానే సెప్తాదన్నా.”

పది రోజులు నమ్మాడు. పదకొండో రోజు గోడౌన్లో ఉబ్బిన డబ్బా ఒకటి పగిలి, గుజ్జంతా ఆయన మీసాల మీదికే వచ్చింది. ఇక గత్యంతరం లేక, జన్మలో మొదటిసారి నిజం చెప్పాను.

“సెవుల్లో కీచురాయి కూస్తా ఉండాదన్నా. పగలూ రాత్రీ. డబ్బా పలికేది నాకు వినపడల్యా.”

మేస్త్రి మీసాలు తుడుచుకుంటూ విరగబడి నవ్వాడు. “పోయిన వారం ఏనుగు, ఈ వారం కీచురాయా! సైజు తగ్గించినావే అబ్బా!” అందరూ నవ్వారు. ఆ నవ్వే నా చెవులకెంత నొప్పో ఎవరికి చెప్పను? మర్నాటి నుంచి పని లేదు.

చిత్తూరు డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, “ఇది పోయేది కాదప్పా, దీంతోనే బతకాల” అన్నాడు. బతుకుతున్నాను. పెళ్లింట్లో, చావింట్లో అదే కూత. ఎంత ప్రశాంతంగా ఉందో అని జనం మురిసిపోయే చోట అది ఇంకా గట్టిగా కూస్తుంది.

మొన్న తిరుపతి బస్టాండులో మేస్త్రి కనబడ్డాడు. మీసం నెరిసింది. నన్ను టీ కొట్టు పక్కకు లాక్కెళ్లి గొంతు తగ్గించాడు. “ఆ కీచురాయి నాకూ వచ్చినాదప్పా. నిద్దర పట్టల్యా. నీది పోయినాదా?”

అంతలో పక్కనే బస్సు హారను మోగింది. ఇద్దరం ఒకేసారి చెవులు మూసుకున్నాం.

“ఎప్పుడో పోయినాదన్నా” అన్నాను చేతులు దించి. “దానంతట అదే లేసిపోయినాది.”

ఆయన ముఖం వెలిగింది. (నా చేతులూ చెవుల మీదికి వెళ్లడం చూడలేదో, చూడదలుచుకోలేదో.) నిజం చెబితే నవ్విన మనిషి, అబద్ధాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుని బస్సెక్కాడు. ఈ వయసులోనూ కోత ఎంత బాగా కోశానంటే, బస్సు మలుపు తిరిగేదాకా నేనూ చెవులొగ్గి నిలబడ్డాను, నిజంగానే పోయిందేమోనని.