గుర్తు రాసిన గోడ

జమ్మలమడుగు హైస్కూల్లో నేను సైన్సు చెప్పేదాన్ని. మాది ప్రొద్దుటూరు. రోజూ బస్సులో తిరగలేక, అమ్మను తోడు తెచ్చుకుని అక్కడే ఒక ఇల్లు బాడుగకు తీసుకున్నాను. రాతికి మట్టి అడుసు పెట్టి కట్టి, సున్నం పూసిన పాత మిద్దె. ఇంటాయన పెద్దవాడు. సొంత మనుషుల గొడవల్లో చిక్కుకుని, ఇక ఇక్కడ ఉండడం మంచిది కాదని పులివెందులకు మారిపోయాడు. ఇల్లు ఊరికే మూసిపెట్టడం కంటే టీచరుకు ఇస్తే మేలనుకున్నాడు.

చేరిన రెండో ఏడు, పరీక్ష పేపర్లు కట్టగట్టి గోడ గూట్లో పెట్టాను. వారం తర్వాత తీస్తే అడుగునున్న కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అంచుల వెంట నల్లగా, పచ్చగా నూగు.

"బూజు పట్టింది. ఎండకెయ్యి మే" అంది అమ్మ.

నేను ఎండకు వెయ్యలేదు. ఒక ముక్క చించి స్కూలుకు తీసుకుపోయి మైక్రోస్కోపు కింద పెట్టాను. సన్నటి దారాలు, వాటి కొసల్లో చిన్న చిన్న ఉండలు. పిల్లలు వరసగా వచ్చి చూశారు. ఒకమ్మాయి అడిగింది.

"ఇది చెట్టా, పురుగా మేడమ్?"

"రెండూ కాదు."

"మరి ఏం తిని బతుకుతాది?"

"మీ పేపర్లు" అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఇంటికి నడుస్తుంటే నాకు ఇంకో ప్రశ్న పట్టుకుంది. బూజుకు నీళ్లు కావాలి. వానలు పోయి రెండు నెలలైంది. మిద్దె కారడం లేదు. నీళ్లు ఎక్కడివి?

ఆ సాయంత్రం గూటి కింద, వీధి వైపు గోడకు ఆనించిన ట్రంకు పెట్టెను జరిపాను. వెనకాల సున్నం పొంగి పెచ్చులుగా రాలి ఉంది. నేల నుంచి నడుము ఎత్తు దాకా చెమ్మ. దాని పై అంచున తెల్లగా ఉప్పు పూసింది. పెట్టెలో అమ్మ పట్టుచీర మడతల్లో కూడా మచ్చలు. ఆమెకు రెండు నెలలుగా దగ్గు ఎందుకు తగ్గడం లేదో కూడా అప్పుడే అనుమానం వచ్చింది.

చెమ్మ గాలిలోదా, గోడలోదా తేల్చుకోవాలనిపించింది. ప్లాస్టిక్ కవరు ఒకటి గోడకు పరిచి, నాలుగు వైపులా టేపు అంటించాను. మూడో రోజుకు కవరు లోపలి వైపు, గోడకు ఆనుకున్న వైపు, నీటి బొట్లు పట్టాయి. పైవైపు పొడిగా ఉంది. అంటే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి.

ఇంకో వింత కనబడింది. గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే, కానీ చెమ్మ మధ్యలోనే ఉంది. అటూ ఇటూ చీలమండ ఎత్తు దాటలేదు. వీధి తలుపు దగ్గర్నుంచి చెమ్మ మొదలయ్యే చోటికి, అయిపోయే చోటికి దారంతో కొలిచి ముళ్లు వేసుకుని, అదే దారం పట్టుకుని వీధిలోకి వెళ్లాను. బయట తలుపు నుంచి సాగదీశాను. మొదటి ముడి, రెండో ముడి రెండూ బయటి గోడ మీద రాసిన పార్టీ గుర్తు అంచుల మీద పడ్డాయి.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఏ వీధి ఎవరిదో గోడలే చెప్పేవి. మా గోడ మీద నేల దాకా దట్టంగా ఆయిల్ పెయింటు పూసి, దాని మీద మనిషెత్తు గుర్తు రాసి ఉంది. ఏ పార్టీదన్నది ఇప్పుడు అనవసరం. దగ్గరికి పోయి చూస్తే రంగు అక్కడక్కడా బొబ్బలెక్కింది. చుట్టూ చూసి, చీర పిన్నీసు తీసి ఒక బొబ్బను పొడిచాను. నీళ్లు సన్నగా కారి కిందికి జారాయి. భయమూ సంతోషమూ ఒకేసారి కలిగాయి.

మరునాడు ముసలి మేస్త్రీని పిలిపించాను. ప్రొద్దుటూరు సాయిబు, పాత సున్నం పనులు తెలిసినవాడు. గోడ తట్టి చూశాడు. వీధి కాలువ పగిలి నీళ్లు పునాదిలోకి ఇంకడం చూపించాడు.

"కాలవ నీళ్లు కిందనుంచి ఎక్కుతాండాయమ్మా. సున్నం గోడైతే బయటికి ఆరిపోతాది. ఈడ పెయింటు మూసేసింది గదా. దోవ లేక మీ ఇంట్లోకి వస్తాండాయి."

"లోపల సిమెంటు పూస్తే ఆగదా మామా?"

"ఆగదు. ఇంకా పైకి ఎక్కుతాది. కాలవ మెత్తాల. ఆ పెయింటు గీకాల." చివరి మాట మెల్లగా అన్నాడు. "గీకేది నేనేగానీ, అడిగి రాపోమ్మా."

ఆదివారం పులివెందుల బస్సెక్కాను. ఇంటాయన అంతా విన్నాడు.

"గోడ నాదేమ్మా. గుర్తు నాది కాదు. మిల్లాయప్పను అడుగు" అన్నాడు.

మా వీధి చివర పిండి మిల్లు నడిపే ఆయన ఆ పార్టీకి మా వీధిలో పెద్ద. వెళ్లి అడిగితే ముఖం ముడుచుకున్నాడు.

"గుర్తు గీకుతారా? రేప్పొద్దున ఎవురన్నా సూస్తే ఏమనుకుంటారు?"

"ఒకసారి లోపలికి వచ్చి చూడన్నా. తర్వాత వద్దంటే మానేస్తాం."

వచ్చాడు. అరచెయ్యి గోడకు ఆనించి చూశాడు. కవరు అంచు లేపి లోపలి బొట్లను వేలితో తాకాడు. అమ్మ దగ్గుతూ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"శానా తడి ఉంది" అన్నాడు. "గీకండి. నేను నిలబడుకోనుంటా. పొద్దు గూకేలోపల అయిపోవాల."

మేస్త్రీ పొద్దున్నే మొదలుపెట్టాడు. మిల్లాయన వీధిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పై పొర పెచ్చులుగా ఊడుతుంటే కింద ఇంకో రంగు బయటపడింది. ఇంకాస్త గీకేసరికి మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది. ఆ కింద రాసి ఉన్నది అవతలి పార్టీ గుర్తు. సగం అప్పటికే కనబడుతోంది. వీధిలో పోయే ఇద్దరు నిలబడి చూశారు.

మిల్లాయన కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు.

"ఇది గూడా నేను దగ్గరుండి రాయించిందే" అన్నాడు. "అప్పుడు మేం ఆ పక్క ఉంటిమి. గీకు మేస్త్రీ, గీకు."

మేస్త్రీ తల దించుకుని నవ్వు ఆపుకుంటూ గీకాడు. సాయంత్రానికి రెండు గుర్తులూ పోయి పాత సున్నం బయటపడింది. చెయ్యి పెడితే ఐసు మీద పెట్టినట్టు చల్లగా ఉంది. కాలువ పగుళ్లు కూడా ఆ వారమే మెత్తాడు.

ఆ తర్వాత నెలల తరబడి బయటి గోడ మీద ఉప్పు పూస్తూనే ఉంది. తడిగుడ్డతో తుడవొద్దు, ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది, పొడి చీపురుతోనే ఊడవమని మేస్త్రీ చెప్పాడు. అమ్మ లోపలి బూజును ముక్కుకు కొంగు కట్టుకుని తుడిచి, కొత్త సున్నం కొట్టించింది. ట్రంకు పెట్టెను గోడకు జానెడు దూరం జరిపింది. నేను వారానికొకసారి చెమ్మ అంచున చాక్‌పీసుతో గీత గీసేదాన్ని. ఎండాకాలం ముగిసేసరికి చీలమండ దాకా దిగింది. అమ్మ దగ్గు కూడా చాలావరకు తగ్గింది. ఎలక్షన్లకు మిల్లాయన మనుషులు మళ్లీ గోడ అడిగితే, సున్నంలో రంగు కలిపి రాసుకోమన్నాను. అలాగే రాశారు.

ఒక రోజు మిల్లాయన మా గడప దగ్గర నిలబడి, "మా ఇంట్లో గూడా బూజు పడతాంది టీచరమ్మా, ఒకసారి సూడు" అన్నాడు.

వెళ్లాను. ఆ ఇంట్లో గోడలు నేల దగ్గర పొడిగా ఉన్నాయి. బూజంతా పైన, మూలల్లో, మంచం వెనకాల ఉంది. కవరు అంటించి చూస్తే ఈసారి బొట్లు పైవైపే, గది వైపే పట్టాయి. నీళ్లు గోడలోవి కావు. మనుషుల ఊపిరి, పొయ్యి మీది ఆవిరి, ఆరేసిన బట్టలు. ఆ చెమ్మ బయటికి పోయే దారి కోసం చూస్తే, వీధి వైపు కిటికీలు రెండూ ఇటుకలతో మూసి ఉన్నాయి.

"కిటికీలు తెరిస్తే చాలన్నా" అన్నాను.

ఆయన ఆ ఇటుకల వైపే చూశాడు.

"బాంబు పడినాంక కట్టించినా. ఇప్పుడు తీయలేను" అన్నాడు.

పెరటి తలుపు పగలంతా తీసి పెట్టమని, పైకప్పు కింద రెండు చిన్న కంతలు పెట్టించమని చెప్పి వచ్చాను. పెట్టించాడు. బూజు తగ్గింది గానీ పోలేదు.

ఆ తర్వాత నాకు ప్రొద్దుటూరుకు బదిలీ అయింది. చాలా ఏళ్లకు ఒక పెళ్లికి జమ్మలమడుగు వెళ్లినప్పుడు ఆ వీధి గుండా నడిచాను. మిల్లు మూసి ఉంది. పక్కనే ఉన్న ఆయన ఇంటికి వీధి వైపు కిటికీలు రెండూ తెరిచి ఉన్నాయి. ఒకదానికి ఇంకా రెక్కలు బిగించలేదు. లోపల ఎవరో ఆడమనిషి రేడియో వింటూ చాటలో బియ్యం ఏరుతోంది.