మూడో సెల్లారుకు విశేషాలు

"ఏమిటి విశేషాలు?" అని అడిగితే తెలుగువాళ్ళం ఏం చెబుతాం? "ఏమున్నాయండీ, మామూలే" అంటాం. ఆ మాట అనడం చేతకాని మనిషిని నా జన్మలో ఒక్కర్నే చూశాను. ఆయన భీమేశ్వరరావు గారు. అడగడం ఆలస్యం, విశేషాలు చెప్పేస్తారు. అడగకపోయినా చెప్పేస్తారు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. రాయదుర్గంలో మా ఆఫీసులోనే కొత్త పిల్లలకు శిక్షణ ఇస్తారు. ఖాజాగూడలో మాదీ ఆయనదీ ఒకటే అపార్ట్‌మెంట్ కాబట్టి రోజూ ఆయన కారులోనే వెళ్ళేవాణ్ణి.

"రవికిరణ్ గారూ, విన్నారా? ఇవాళ గీజరు వేయగానే వేణ్ణీళ్ళొచ్చాయి!"

"రోజూ వస్తాయి కదండీ."

"అదేనండీ నేననేది! రోజూనూ!"

కళ్ళు చేటంత చేసుకుని అంటారు. నటనేమో అని మొదటి నెలంతా అనుమానించాను. కాదు.

ఒకసారి లిఫ్టులో "మా ఇంట్లో విశేషమండీ!" అనేశారు. హెచ్.ఆర్. నీహారిక మధ్యాహ్నానికల్లా కేకు తెప్పించింది. తీరా చూస్తే విశేషమల్లా, బాల్కనీలో ఎండిపోయిందనుకున్న కరివేపాకు మొక్క చిగురు వేయడం. ఈలోపు వాళ్ళావిడ పుణ్యవతి గారి ఫోనుకు నలభై అభినందనలు వెళ్ళిపోయాయి. ఆవిడకు యాభై ఆరేళ్ళు! వారం రోజులు ఆయనకు మజ్జిగన్నమే పెట్టారట.

"మజ్జిగలో అల్లం ఎంత బాగా పడిందోనండీ!" అన్నారాయన నాతో.

ఇదంతా బాగానే ఉంది కానీ, నాకు తొమ్మిదిన్నరకు మీటింగ్. ఈయనేమో దారిలో చెరువు దగ్గర కారు ఆపి తొంగి చూస్తారు. ఆఫీసుకు చేరాక మూడో సెల్లార్లో పార్కింగ్ చూసే ఈశ్వరయ్యను పట్టుకుని మళ్ళీ పది నిమిషాలు. కారు తాళం చేతిలో పట్టుకుని కబుర్లే కబుర్లు. నేను ఒక్కణ్ణే లిఫ్టుకు పరుగెత్తేవాణ్ణి. మూడుసార్లు మేనేజరు చేత చివాట్లు తిన్నాక తెగించి, "రేపట్నుంచి నా బండి మీద వెళ్తానండీ" అనేశాను.

ఆయన ముఖం చిన్నబోయింది. రెండు క్షణాలే. "బండి మీదైతే గాలి ఎంత బాగుంటుందో!" అన్నారు.

మర్నాడు తొమ్మిదింపావుకే సెల్లార్లో బండి ఆపాను. ఈశ్వరయ్య ఎదురొచ్చాడు.

"రావు సారు ఏరి?"

"కళ్ళజోడు మార్పించుకోవాలని ఇవాళ సెలవు పెట్టారు."

"అట్లనా. అయితే మీరే చెప్పుండ్రి సార్. పైన ఏం విశేషం?"

"ఏముంది ఈశ్వరయ్యా, మామూలే."

"గట్లనకుండ్రి సార్. నేను చీకటితోని దిగుత, చీకటైనంక ఎక్కుత. పైన ముచ్చట్లన్నీ రోజు ఆ సారే జెప్తడు. చెరువుల కొంగలొచ్చినయా? నిన్న మబ్బు పట్టిందన్నడు, వాన పడ్తదా?"

ఆ చెరువు పక్కనుంచే వచ్చాను. కొంగలు చూశానా? ఆకాశం చూశానా? దారంతా నేను చూసింది గడియారం ఒక్కటే. రోజూ ఆ కారు ఆపడాలూ, తొంగి చూడడాలూ ఈ మనిషి కోసమా! సిగ్గేసింది.

"రెండు నిమిషాలుండు" అని మూడంతస్తుల మెట్లూ ఎక్కి బయటికొచ్చాను. ఎదురుగా అద్దాల మేడ. దాని అద్దాల్లో ఒక తెల్లటి మబ్బు ఒక్కో అంతస్తూ దాటుకుంటూ, ఎవరినీ అడగకుండా వెళ్ళిపోతోంది. పక్క ఖాళీ స్థలంలో ఇంకా పగలగొట్టని ఓ పెద్ద బండరాయి. దాని నెత్తి మీద మరో గుండు, కింద పడకుండా! ఎన్ని వేల ఏళ్ళుగా అలా నిలబడిందో! ఆరేళ్ళుగా దాని పక్కనుంచే వెళ్తున్నాను. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను.

కిందికొచ్చి రొప్పుతూ మబ్బు గురించీ గుండు గురించీ చెప్పాను. ఈశ్వరయ్య శ్రద్ధగా విన్నాడు.

"రావు సారంత మంచిగ జెప్పరాలేదు గని, ఫికర్ చేయకుండ్రి సార్, నేర్చుకుంటరు" అన్నాడు.

మీటింగుకు మళ్ళీ ఆలస్యమైంది. మళ్ళీ చివాట్లు.

సాయంత్రం భీమేశ్వరరావు గారింటికి వెళ్ళి, ఈశ్వరయ్య సంగతి ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"అబ్బే, అదేం లేదండీ. నాకు వినేవాళ్ళు కావాలి. పుణ్యవతి వినదు" అని కొత్త కళ్ళజోడు తుడుచుకుంటూ మాట మార్చేశారు.

మర్నాడు పావుగంట ముందే వెళ్ళి ఆయన కారెక్కి కూర్చున్నాను.

"అదేమిటండీ, బండి?"

"గాలి మరీ ఎక్కువైందండీ. చెరువు దగ్గర కాస్త ఆపండి, కొంగల్ని లెక్కపెట్టాలి."

ఆయన కళ్ళు చేటంత అయ్యాయి.

"రవికిరణ్ గారూ, ఇదండీ విశేషం!"