మేకుకు వేలాడిన రబ్బరు తొడుగులు

మా తమ్ముడు పోయాడు. ఆ పొద్దున బాపట్లలో నేను దేవుడి ముందు దీపం వెలిగించి, అగ్గిపుల్ల ఇంకా ఆర్పలేదు, ఫోన్ మోగింది.

"వదినా, షట్టరు ఎత్తుతా ఎత్తుతా కూలబడిపోయారు. ఆసుపత్రికి తెచ్చాం. లేరంటన్నారు వదినా" అంది మరదలు.

పూజ సగంలో వదిలేసి రేపల్లె బస్సెక్కాను. దారంతా పెదాల మీద నామం ఆడుతూనే ఉంది. మనసులో మాత్రం దేవుడు లేడు, వాడే ఉన్నాడు.

మా అందరిలోకీ చిన్నవాడు. నా చంకనెక్కి పెరిగాడు. వాడిది ఎడమచేతివాటం. ఎడమచేత్తో అన్నం కలుపుతుంటే అమ్మ గదమాయించేది. నేను పక్కన కూర్చుని, ముద్దను వాడి ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చేదాన్ని. అలా మార్చీ మార్చీ తినడం వరకూ కుడిచేతికి అలవాటైంది. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే చేసేవాడు.

రేపల్లెలో వాడు పనిముట్ల దుకాణం నడిపాడు. స్పానర్లు, పైపు రెంచీలు, సుత్తులు. పడవ ఇంజన్లు బాగుచేసేవాళ్లు, చేల దగ్గర మోటార్లు చూసేవాళ్లు కొనేవారు. వాటిలో ఒక కంపెనీ సరుక్కి జీవితకాలం వారంటీ ఉంది. వాడుకలో విరిగితే ఆ విరిగింది తీసుకుని కొత్తది ఇస్తారు. ఇస్తారన్న మాటే గాని, దానికోసం తిరిగేదెవరు? తమ్ముడు తిరిగేవాడు. విరిగిన ఇనుమంతా గోతంలో వేసుకుని, రైలెక్కి తెనాలి వెళ్లి కంపెనీ ఏజెంటుకి అప్పగించి వచ్చేవాడు. కొత్తవి వచ్చాయని కబురందగానే మళ్లీ వెళ్లేవాడు.

"నువ్వు అమ్మినవాడివే గాని చేసినవాడివి కాదు కదరా" అన్నానొకసారి.

"వాళ్లు కొన్నది నా మొహం చూసక్కా. కంపెనీ మొహం ఎవరు చూశారు?" అన్నాడు.

అలాగని ఎవరేం తెచ్చినా ఊరుకునే రకం కాదు. ఒకరోజు నేను దుకాణంలో ఉండగా ఒకాయన నిలువునా వంగిన స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

"దీంతో ఏం చేశావు బావా?"

"ఏం చెయ్యలేదు. ఇట్టా పట్టుకున్నానంతే."

"పట్టుకుంటేనే తలొంచుకుందా? కొత్త పెళ్లికూతురా ఏంటి, నిన్ను చూసి సిగ్గుపడటానికి?"

ఆయనే ముందు నవ్వేశాడు. ఇరుక్కున్న తలుపు దాంతో పెకిలించానని ఒప్పుకున్నాడు. "పెకిలించడానికి గునపం కొనుక్కో. దీనికి వారంటీ రాదు" అని తమ్ముడు ఆ స్క్రూడ్రైవర్‌ని పట్టకారులో బిగించి, కొట్టి, చేతనైనంత తిన్నగా చేసి ఇచ్చాడు. కసిరినా ఒట్టి చేతులతో ఎవర్నీ పంపేవాడు కాదు.

వాడి పని ఒకటి మీకు వివరంగా చెప్పాలి. మా వైపు పనివాళ్లు రెంచి కొనగానే పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుడతారు. ఉప్పుగాలికీ చెమటకీ ఇనుము చేతిలో నిలవదు. కొన్నేళ్లు పోయేసరికి ఆ చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని తొడుగులా తయారవుతాయి. దాని మీద వేళ్ల గుంటలు పడతాయి. కంపెనీ ముద్ర పిడి మీదే ఉంటుంది, అది కనబడితేగాని కొత్తది ఇవ్వరు. అందుకని తొడుగు తీసెయ్యాల్సిందే. బ్లేడుతో కోసి పారేస్తే నిమిషం పని. తమ్ముడు కొయ్యనిచ్చేవాడు కాదు. సబ్బునీళ్లు పోసి, అటూ ఇటూ మెలిపెడుతూ, ఓపిగ్గా చెదరకుండా లాగేవాడు. గాజులు తీసినట్టే ఉండేది. తీసిన తొడుగుని గల్లాపెట్టె వెనక మేకుకి తగిలించేవాడు. కొత్త రెంచి వచ్చాక దానికి ఎక్కించి ఇచ్చేవాడు.

"కొత్తది చేతికి కొత్తగా ఉండకూడదక్కా" అనేవాడు.

తెనాలి పంపేముందు విరిగినవాటికి బొట్టు పెట్టేవాడు. దసరాకి పనిముట్లకి అందరమూ పెడతాం. వాడు విరిగినవాటికి కూడా పెట్టేవాడు. "పనిచేసి విరిగింది, దీన్ని తిట్టుకుంటా పంపితే ఎట్టా?" అనేవాడు. నేను రోజూ గంటసేపు పూజ చేస్తాను. అంత మాట నాకు ఎప్పుడూ తోచలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు తెనాలి ఏజెంటు కొత్త పనిముట్లు పంపాడు. అన్నీ పైపు రెంచీలే. తమ్ముడు చివరిసారి అప్పగించి వచ్చిన వాటికి బదులుగా వచ్చినవి. నేనూ మరదలూ వెళ్లి షట్టరు ఎత్తాం. మేకుకి తొడుగులు వేలాడుతున్నాయి. దేని మీదా పేరు లేదు, గుర్తు లేదు. ఎవరిదేదో వాడికే తెలుసు. వాడు లేడు.

మరదలు ఆ తొడుగుల వైపు చూసింది. "ఇన్నేళ్లలో ఒకరిది ఒకరికి ఇచ్చారన్న మాట రాలేదు వదినా. ఆయన పోగానే ఆ మాట పడాలా?" అని ఏడ్చింది. తొడుగులు లేకుండానే కొత్తవి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ వాడు అలా ఇచ్చేవాడు కాదు.

షట్టరు తెరిచి ఉండటం చూసి పడవల మెకానిక్ ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. మరదల్ని చూసి చేతులు జోడించాడు.

"బాబాయ్, మీది ఏదో మాకు తెలియడం లేదు" అన్నాను.

"దానికి పేరెందుకమ్మా? చెయ్యి పెడితే అదే చెబుద్ది."

మేకు మీదివి ఒక్కొక్కటే తీసి చేత్తో పట్టుకుని చూశాడు. ఒకటి పట్టుకోగానే ఆగాడు. "ఇదిగో, నాది. మా అబ్బాయి మొన్నామధ్య షాపుకొచ్చి, నాదని తెలియక దీనికి బేరం పెట్టాడంట. అబ్బాయ్, ఇది మీ నాన్న చెయ్యిరా, చెయ్యి అమ్ముతామా అన్నాడంట మీ తమ్ముడు" అంటూ నవ్వబోయి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

కబురు పంపితే మిగతావాళ్లూ వచ్చారు. ఎవరిది వాళ్లు చేత్తోనే పోల్చుకున్నారు. ఒక్కటీ తారుమారు కాలేదు. కొత్త రెంచికి ఎవరి తొడుగు వాళ్లే ఎక్కించుకుని, వాడి ఫొటోకి దణ్ణం పెట్టి వెళ్లారు. వాడి మాట దక్కింది.

సాయంత్రానికి మేకుకి ఒక తొడుగు మిగిలింది. పెట్టెలో ఒక రెంచి మిగిలింది. ఇంకెవరున్నారని మరదలు ఆలోచిస్తోంది. నేను ఆ తొడుగుని రెంచికి ఎక్కించి పట్టుకున్నాను. పట్టు కుదరలేదు. బొటనవేలికి చోటు లేదు, గుంటలన్నీ అటువైపున్నాయి. రెంచిని ఎడమచేతిలోకి మార్చాను. వేళ్లు నాలుగూ గుంటల్లో కూర్చున్నాయి. బొటనవేలు తన చోట పడింది.

"అమ్మాయ్, ఇది వాడిదే" అన్నాను. తనదీ విరిగితే అందరివాటితోపాటే పంపుకున్నాడు.

మరదలు దాన్ని నన్నే తీసుకెళ్లమంది. బాపట్లలో దేవుడి గూట్లో పెట్టాను. అగరువత్తుల వాసనలో ఆ రబ్బరు వాసన కలవదు, విడిగా తెలుస్తుంది. పొద్దున కుడిచేత్తో దీపం వెలిగిస్తాను. నామం పూర్తయ్యేదాకా ఎడమచెయ్యి ఆ గుంటల్లోనే ఉంటుంది.